పాపకు ఎస్‌సీఎన్1ఏ అని రిపోర్టు వచ్చింది, ఈ జబ్బు నా వల్లే వచ్చిందా?

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. మా పాపకు రెండున్నరేళ్లు. ఆలస్యంగా ఐదో నెలలో మూడో టీకా వేయించిన రోజు రాత్రి జ్వరం వచ్చి, కుడి చెయ్యి, కుడి కాలు అరగంట దాకా కొట్టుకున్నాయి. అప్పట్నుంచి ఒళ్లు వెచ్చబడితే చాలు, ఫిట్స్. ఒకసారి తలస్నానం చేయిస్తుంటే వచ్చింది. మొదట చూసిన డాక్టరు కార్బమాజెపిన్ సిరప్ ఇచ్చారు. అది మొదలుపెట్టాక ఇంకా ఎక్కువయ్యాయి. హైదరాబాద్‌లో జన్యు పరీక్ష చేయించి, ఎస్‌సీఎన్1ఏ జన్యువులో మార్పు ఉంది, డ్రావే సిండ్రోమ్ అనే మూర్ఛ జబ్బు అన్నారు. మందు మార్చి వాల్‌ప్రోయేట్, క్లోబాజమ్ రాశారు. తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. మా ఆయన పిన్ని కొడుక్కి కార్బమాజెపిన్‌తోనే ఫిట్స్ ఆగిపోయాయని, మళ్లీ అదే వేయమని ఇంట్లో ఒత్తిడి చేస్తున్నారు. మాది మేనరికం, అందుకే ఇలా అయిందని ఊళ్లో అంటారు. మా అత్తమ్మ నాకు సొంత మేనత్తే. అయినా గ్రహణం రోజు బయట తిరిగావు, అందుకే ఇలా అయిందంటుంది. టీకాలు ఇక వద్దని మా ఆయన. స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే నయమవుతుందని ఒకచోట చెప్పారు, రెండెకరాలు అమ్ముదామనుకుంటున్నాం. ఇంకో బిడ్డను కనొచ్చా? మీరు సోడియం చానెళ్ల మీదే పరిశోధన చేస్తారని తెలిసి రాస్తున్నాను. పేరు వేయకండి.

జవాబు:

అమ్మా,

ముందు మందు సంగతి. కార్బమాజెపిన్ మళ్లీ మొదలుపెట్టకండి. నేను మందుల చీటీ రాసే డాక్టర్ని కాను, ప్రయోగశాలలో సోడియం చానెళ్ల మీద, అంటే నరాల కణాల్లోకి సోడియం వెళ్లే దారుల మీద పనిచేసేదాన్ని. ఏ మందు ఎంత వేయాలో మీ డాక్టరు గారే తేల్చాలి. కానీ ఈ ఒక్క మాట గట్టిగా చెప్పగలను. ఆ మందు పనిచేసేదే సోడియం చానెల్ మీద, మీ పాపకు లోటున్నదీ అక్కడే. ఇంట్లో వాళ్లకు మీరే వివరించి చెప్పాల్సి వస్తుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మెదడులో ప్రతి నరాల కణం చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. దాని బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. ఆ పొరలో అక్కడక్కడా ప్రోటీన్‌తో తయారైన సన్నని దారులుంటాయి. వాటినే అయాన్ చానెళ్లు అంటాం. చెరువు తూము లాంటివే అనుకోండి. కాకపోతే ఈ తూమును ఎత్తేది విద్యుత్తు. పొరకు రెండు వైపులా ఉన్న వోల్టేజి కొంచెం మారగానే తెరుచుకుంటుంది, సోడియం లోపలికి దూకుతుంది, కన్ను మూసి తెరిచేలోపే మళ్లీ మూసుకుపోతుంది. ఒక కణం నుంచి ఇంకో కణానికి సంకేతం వెళ్లేది దీనివల్లే. ఇంగ్లండ్‌లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే ఇద్దరు స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నరంలో దీన్ని కొలిచి, 1952లో లెక్కగట్టి చూపించారు. 1963లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటికీ మేము ఆ లెక్కల్నే వాడతాం.

ఒక్క చానెల్‌ను పట్టుకుని కొలవడం 1976లో జర్మనీలో ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్‌లతో మొదలైంది. మా ల్యాబ్‌లో రోజూ చేసే పని అదే. సన్నటి గాజు గొట్టాన్ని మధ్యలో వేడిచేసి లాగితే రెండు ముక్కలవుతుంది. ఒక్కో ముక్క మొన ఒక మైక్రాన్ అంత, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మైక్రోస్కోపులో చూస్తూ ఆ మొనను కణానికి ఆనిస్తాం. గొట్టం వెనకున్న రబ్బరు ట్యూబును నోట్లో పెట్టుకుని చాలా మెల్లగా గాలి పీలుస్తాం. గట్టిగా పీలిస్తే కణం చిరిగిపోతుంది, మళ్లీ మొదట్నుంచి చేసుకోవాలి. సరిగ్గా కుదిరితే కణం పొర గాజుకు అతుక్కుపోతుంది. అంతవరకు పిచ్చిగా ఊగుతున్న కంప్యూటర్ తెర మీది గీత ఒక్కసారిగా నెమ్మదిస్తుంది. అప్పుడు వోల్టేజి మారిస్తే గీత ఒక మెట్టు దిగి, క్షణంలో పైకొస్తుంది. ఒక్క చానెల్ తెరుచుకుని మూసుకుందన్నమాట. ఆ మెట్టు ఎత్తు ఆంపియర్‌లో లక్ష కోట్ల వంతుకు ఒకటీ రెండూ ఉంటుంది, అంతే. ఎన్నేళ్లుగా చూస్తున్నా ఆ మెట్టు కనబడగానే నాకు కలిగే సంతోషం తగ్గలేదు.

మీ పాపలాంటి పిల్లల్లో కనబడిన జన్యు మార్పుల్ని ఇలాగే పరీక్షిస్తాం. మార్పు ఉన్న జన్యువును ప్రయోగశాలలో పెంచే కణాల్లో పెట్టి, కరెంటు ఎంత వస్తుందో కొలుస్తాం. డ్రావే పిల్లల మార్పుల్లో చాలావాటికి కరెంటు బాగా తక్కువ వస్తుంది, కొన్నిటికి అసలు రాదు. ఒక రకం సోడియం చానెల్ తయారయ్యేది ఎస్‌సీఎన్1ఏ జన్యువు నుంచే. ఆ జన్యువుకు మనందరిలో రెండేసి ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. మీ పాపకు ఒక ప్రతి పనిచేయదు. అంటే ఆ రకం తూములు ఉండాల్సినన్నిట్లో దాదాపు సగమే ఉన్నాయి.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. సోడియం తక్కువ వెళ్తే కణాలు మందగించాలి గదా, ఫిట్స్ ఎందుకొస్తాయి? పరిశోధకులకూ ఇదే అనుమానం వచ్చింది. మార్సెయ్ నగరానికి చెందిన షార్లోట్ డ్రావే అనే డాక్టరు ఈ జబ్బును 1978లోనే వర్ణించారు. 2001లో బెల్జియంలోని ఆంట్‌వర్ప్ బృందం ఏడుగురు పిల్లల్ని పరీక్షిస్తే ఏడుగురిలోనూ ఎస్‌సీఎన్1ఏ మార్పు దొరికింది. కారణం తెలిసింది గానీ అది ఫిట్స్ ఎలా తెస్తుందో తెలియలేదు. ఆ చిక్కు 2006లో అమెరికాలోని సియాటిల్‌లో విడింది. సోడియం చానెల్ ప్రోటీన్‌ను మొదట పట్టుకున్న వాళ్లలో ఒకరైన విలియం కాటరాల్ ల్యాబ్‌లో, ఇదే లోపంతో ఎలుకల్ని పుట్టించి వాటి మెదడు కణాల్లో కరెంటు కొలిచారు. మెదడులో ఉత్తేజపరిచే కణాలుంటాయి, వాటిని అణిచిపెట్టే కణాలూ ఉంటాయి. ఉత్తేజపరిచే వాటిలో కరెంటు మామూలుగానే ఉంది. అణిచే కణాల్లో మాత్రం బాగా పడిపోయింది. ఆ కణాలు ఎక్కువగా ఆధారపడేది ఈ రకం చానెల్ మీదే. అణిచేవి నీరసపడితే మిగతావి ఒక్కసారిగా చెలరేగుతాయి, అదే ఫిట్. ఆ ఎలుకల ఒంటి వేడి పెంచినా ఫిట్స్ వచ్చాయని 2009లో అదే ల్యాబ్ చూపించింది. జ్వరానికీ, తలస్నానానికీ మీ పాపకు ఫిట్స్ ఎందుకొస్తున్నాయో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కార్బమాజెపిన్ చేసే పని సోడియం చానెళ్లను మూయడం. అసలే సగం తూములతో నెట్టుకొస్తున్న ఆ అణిచే కణాల్లో ఉన్నవాటిని కూడా మూసేస్తే ఏమవుతుంది? మీరు ఇంట్లో చూసిందే అయింది. మొదటి డాక్టరు గారిని నిందించడానికి ఏమీ లేదు. ఆ మందు ఎంతోమందికి మేలు చేసే మంచి మందు, జన్యు రిపోర్టు రాకముందు ఇచ్చారు. మీ ఆయన పిన్ని కొడుక్కి తగ్గిందంటే అదీ నిజమే, అతని మూర్ఛ వేరు. అంతెందుకు, ఎస్‌సీఎన్2ఏ, ఎస్‌సీఎన్8ఏ అనే పక్క జన్యువుల్లో చానెల్ మరీ ఎక్కువగా పనిచేసేలా మార్పు వచ్చి పుట్టిన కొద్ది రోజులకో నెలలకో ఫిట్స్ మొదలైన పిల్లలకు ఇదే మందు ప్రాణం పోస్తుంది. కేసీఎన్‌క్యూ2 అనే పొటాషియం చానెల్ లోపం ఉన్న పసికందులకు కూడా ఇదే బాగా పనిచేస్తుంది. అందుకే మూర్ఛకు ఒకరి మందు ఇంకొకరికి వేయకూడదు. మీ పాప విషయంలో ఆక్స్‌కార్బజెపిన్, లామోట్రిజిన్, ఫెనిటోయిన్ కూడా ఇదే కోవలోవి. ఈ నాలుగు పేర్లూ మీ ఆయన ఫోన్‌లోనూ, మీ ఫోన్‌లోనూ రాసి పెట్టుకోండి.

ఇందులో ఫెనిటోయిన్‌తో ఓ చిక్కుంది. రాత్రిపూట ఫిట్స్‌తో ఏ ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లినా ఎక్కించే మందుల్లో అదొకటి, ఎప్టాయిన్ అనే పేరుతో మీరు వినే ఉంటారు. డ్యూటీ డాక్టరుకు మీ పాప జన్యువు సంగతి తెలియదు. కాబట్టి మీ హైదరాబాద్ డాక్టరు గారి చేత లెటర్‌హెడ్ మీద ఒక పేజీ రాయించుకోండి. జబ్బు పేరు, రోజూ వేసే మందులు, ఫిట్ ఆగకపోతే వరసగా ఏం ఇవ్వాలి, ఏవి వద్దు, పాప బరువు, తేదీ. మూడు కాపీలు తీసి లామినేషన్ చేయించి ఒకటి పాప సంచిలో, ఒకటి బండి డిక్కీలో, ఒకటి అత్తమ్మ దగ్గర ఉంచండి. బరువు పెరిగినప్పుడల్లా కొత్తది రాయించాలి.

ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే మీ దగ్గరుందా? లేకపోతే వచ్చేసారి అడగండి. ఫిట్ మొదలవగానే గడియారం చూడండి. పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం, నీళ్లు పోయడం ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటుతుంటే స్ప్రే కొట్టి ఆసుపత్రికి బయల్దేరాలి. మీ పాపకు మొదటిసారే అరగంట వచ్చింది కాబట్టి డాక్టరు గారు ఇంకా ముందే కొట్టమనొచ్చు. ఎన్ని నిమిషాలకో ఆ పేజీలోనే రాయించండి. ఇంట్లో ఇంకొకరెవరైనా ఫోన్‌లో వీడియో తీస్తే డాక్టరుకు అది చాలా ఉపయోగపడుతుంది.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. ఈ జబ్బున్న పిల్లల్లో నిద్రలో హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం మిగతా మూర్ఛల కన్నా ఎక్కువ. భయపెట్టాలని చెప్పడం లేదు. తెలిస్తే జాగ్రత్త పడతారని చెబుతున్నాను. పాప పెద్దవాళ్ల గదిలోనే పడుకోవాలి, రాత్రి ఫిట్స్ ఎన్ని వస్తున్నాయో రాసి డాక్టరుకు చూపించాలి, ఒక్క డోసు కూడా తప్పకూడదు. వాంతి చేసుకుంటే మళ్లీ వేయాలా వద్దా అన్నది కూడా ముందే అడిగి పెట్టుకోండి.

స్నానం గోరువెచ్చని నీళ్లతోనే. మన దగ్గర నలుగు పెట్టి ఆవిర్లు కక్కే నీళ్లు తల మీంచి పోస్తేనే బిడ్డ గట్టిపడుతుందంటారు, అది ఈ పాపకు పనికిరాదు. ఎండల్లో మధ్యాహ్నం బయటికి తీసుకెళ్లకండి. వేడినీళ్లు పోసుకుంటే ఫిట్ వచ్చే మరో రకం మూర్ఛ దక్షిణాదిలో ఉంది, బెంగళూరు నిమ్‌హాన్స్ డాక్టర్లు దాని మీద చాలా పరిశోధన చేశారు. అది వేరు. ఎవరైనా రెండూ ఒకటేనని చెబితే కంగారు పడకండి.

ఫిట్స్ పూర్తిగా పోలేదన్నారు. ఈ జబ్బులో పూర్తిగా ఆగడం అరుదు. పెద్ద ఫిట్స్‌నూ, ఎక్కువసేపు ఉండేవాటినీ తగ్గించడమే డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం. మీకున్న రెండు మందులూ అందుకు సరైన మొదటి మెట్టు. ఆ తర్వాత స్టిరిపెంటాల్, కన్నబిడియాల్, ఫెన్‌ఫ్లూరమిన్ అనే మందులున్నాయి, చివరి రెండింటికి ఈ జబ్బు కోసం అమెరికాలో 2018లో, 2020లో అనుమతి వచ్చింది. కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే కీటోజెనిక్ డైట్ కూడా కొందరు పిల్లలకు బాగా పనిచేస్తుంది. అది డైటీషియన్ కొలిచి ఇచ్చే తిండి, ఫోన్‌లో చూసి సొంతంగా మొదలుపెట్టేది కాదు. వీటిలో పాపకు ఏది కుదురుతుందో, ఏది దొరుకుతుందో మీ డాక్టరు గారిని అడగండి. మాటలు, నడక, ఆట వయసుకు తగ్గట్టు వస్తున్నాయా అన్నదీ చూపించుకోండి. స్పీచ్ థెరపీ, ఫిజియోథెరపీ అవసరమైతే ఈ వయసులోనే మొదలుపెట్టాలి.

టీకా విషయంలో మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది. టీకా వేయించిన రాత్రే ఫిట్ వస్తే ఏ తండ్రికైనా అలాగే అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో శామ్యూల్ బెర్కోవిక్ బృందం సరిగ్గా ఈ ప్రశ్ననే తీసుకుంది. టీకా వల్లే మెదడు దెబ్బతిందని అనుకుంటూ వచ్చిన 14 మందిని పరీక్షించి 2006లో ప్రచురించారు. 11 మందిలో ఎస్‌సీఎన్1ఏ మార్పే బయటపడింది. టీకా తెచ్చిన జ్వరంతో మొదటి ఫిట్ కాస్త ముందుగా రావచ్చు. అలా మొదలైన పిల్లలకూ, టీకాతో సంబంధం లేకుండా మొదలైన పిల్లలకూ తర్వాతి జీవితంలో తేడా లేదని అదే దేశంలో 2010లో తేల్చారు. జబ్బు పాపతో పాటే పుట్టింది. టీకాలు మానేస్తే తట్టు, కోరింత దగ్గు వస్తాయి, వాటితో వచ్చే జ్వరం రోజుల తరబడి ఉంటుంది. బూస్టర్ వేయించేముందు పిల్లల డాక్టరును రెండు అడగండి. జ్వరం తక్కువ తెచ్చే, జనం నొప్పిలేని టీకా అనే రకం వేయవచ్చా? జ్వరం మందు, అదనపు క్లోబాజమ్ ఎప్పుడు, ఎంత వేయాలి?

ఇక మీ గుండెల మీద బరువుగా ఉన్న ప్రశ్న. ఇది మీ వల్ల రాలేదమ్మా. గ్రహణం వల్ల రాలేదు, మేనరికం వల్లా రాలేదు. మేనరికంతో ముప్పు ఉండేది తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే బయటపడే జబ్బుల్లో. దగ్గరి చుట్టాలిద్దరిలో ఒకే దోషం దాగి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి ఆ ముప్పు నిజమే, మీ పాప పెద్దయ్యాక సంబంధాలు చూసేటప్పుడు అది గుర్తుపెట్టుకోవాల్సిందే. డ్రావే అలాంటిది కాదు. ఒక్క ప్రతి చెడినా వస్తుంది, ఎక్కువమంది పిల్లల్లో ఆ మార్పు తల్లిలోనూ తండ్రిలోనూ ఉండదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడు, జన్యువుల్ని నకలు తీసుకునే క్రమంలో కొత్తగా జరుగుతుంది. ప్రతి మనిషీ ఇలాంటి కొత్త మార్పులు కొన్ని డజన్లతో పుడతాడు. దాదాపు అందరిలోనూ అవి ఏ హానీ లేని చోట పడతాయి, మీ పాపకు ఎస్‌సీఎన్1ఏలో పడి ఉంటుంది. ఎవరు తిన్నదీ, తిరిగిందీ దానికి కారణం కాదు. అత్తమ్మకు ఈ ముక్క చదివి వినిపించండి. ఆమె మీకు మేనత్త కూడా, మీలోనూ ఆమె పుట్టింటి రక్తమే ఉంది. నా దగ్గరికి వచ్చిన ఉత్తరాల్లో నింద మోస్తున్నది ప్రతిసారీ తల్లే, నాకు ఇది చాలా బాధగా ఉంటుంది.

పొలం అమ్మకండి. మన దేశంలో స్టెమ్ సెల్స్‌ను రక్తంలో వచ్చే కొన్ని జబ్బుల్లాంటి, అనుమతి ఉన్న వాటికే చికిత్సగా వాడవచ్చని, మిగతా వాటికి అనుమతి ఉన్న పరిశోధనలోనే ఇవ్వాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పరిశోధనలో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోకూడదు. మిమ్మల్ని డబ్బు అడిగారంటేనే అది నమ్మదగ్గది కాదని తెలుసుకోండి. ఆశ పెట్టుకోవాల్సిన పరిశోధన వేరే ఉంది. జోరెవునర్సెన్ అనే మందును వెన్నులోని ద్రవంలోకి ఎక్కిస్తారు. బాగున్న ప్రతి నుంచే చానెళ్లు ఎక్కువ తయారయ్యేలా చూడటం దాని పని. ఇలాంటి మందు ఇచ్చిన ఎలుక పిల్లల్లో చాలా భాగం బతికి, ఫిట్స్ తగ్గాయని 2020లో చూపించారు. ఇప్పుడు పిల్లల మీద మూడో దశ ప్రయోగాలు నడుస్తున్నాయి. లోపం మూలాన్నే సరిచేయాలని చూసే మందు ఇంత దూరం రావడం నా వృత్తిలో నేను చూసిన గొప్ప విషయాల్లో ఒకటి. అది మన దగ్గరికి వచ్చేసరికి పాప ఆరోగ్యంగా ఉండాలి. ఆ రెండెకరాలు అప్పుడు పనికొస్తాయి.

ఇంకో బిడ్డ సంగతి. కనొచ్చు, అయితే ముందు మీ ఇద్దరికీ రక్తపరీక్ష జరగాలి. ఇద్దరిలోనూ మార్పు లేకపోతే రెండో బిడ్డకు వచ్చే అవకాశం చాలా తక్కువ. సున్నా మాత్రం కాదు, తల్లిదండ్రుల అండాల్లోనో వీర్యకణాల్లోనో కొన్నిటిలో మార్పు ఉండి రక్తంలో కనబడకపోవచ్చు. ఒకరిలో ఉంటే ప్రతి కాన్పుకూ సగానికి సగం అవకాశం. ఒకే మార్పు ఉన్నా జబ్బు ఒకరికి తేలిగ్గా ఉండొచ్చు, అందుకే మీ ఆయనకు చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయేమో అత్తమ్మనూ, మీకు వచ్చాయేమో మీ అమ్మనూ అడిగి రాసుకోండి. గర్భం వచ్చాక 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి గానీ, 16 వారాల తర్వాత ఉమ్మనీటితో గానీ బిడ్డకు మార్పు ఉందో లేదో చెప్పగలరు. హైదరాబాద్‌లో నిమ్స్ జెనెటిక్స్ విభాగంలో అడగండి, ఉప్పల్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో కూడా జన్యు పరీక్షలు చేస్తారు. గర్భం రాకముందే వెళ్లడం మేలు, రిపోర్టుకు వారాలు పడుతుంది. వెళ్లేటప్పుడు పాప రిపోర్టులో జన్యు మార్పు వివరం అక్షరాలు, అంకెలతో రాసిన పేజీ తప్పకుండా పట్టుకెళ్లండి. మీ ఇద్దరిలోనూ వెతికేది ఆ ఒక్క మార్పు కోసమే, కాబట్టి పాప పరీక్షకైనంత ఖర్చు దీనికి కాదు.